బుల్లెట్ కూర్చునే లోతు

2012 జులై 30న లండన్‌లో పురుషుల పది మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్ ముగిసేసరికి రుమేనియా షూటర్ అలిన్ మోల్డొవెయాను 702.1, ఇటలీకి చెందిన నికోలో కాంప్రియాని 701.5, మన గగన్ నారంగ్ 701.1 దగ్గర నిలిచారు. హైదరాబాదులో పెరిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి బీసీఏ పట్టా పొందిన నారంగ్‌కు ఆ రోజు కాంస్యం దక్కింది. అయితే ఫైనల్‌లో కాల్చిన పది గుళ్లను మాత్రమే లెక్కవేస్తే అతని స్కోరు 103.1, స్వర్ణం గెలిచిన మోల్డొవెయానుదీ 103.1. ఇద్దరి మధ్య తేడా అంతా అంతకుముందు జరిగిన క్వాలిఫికేషన్ రౌండ్లోది: మోల్డొవెయానుకు 599, నారంగ్‌కు 598. అరవై గుళ్లలో ఒక్క పాయింటు.

ఆ ఒక్క పాయింటు ఎంత దూరమో కొలిచి చూడాలి. పది మీటర్ల పలక మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు. నడిమధ్య పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు మాత్రమే. దాని మీదికి వచ్చే సీసపు పెల్లెట్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. అంటే చుక్క కంటే గుండే తొమ్మిది రెట్లు లావు. గుండు అంచు చుక్కను తాకితే పది, వెంట్రుకవాసి ఎడంగా పడితే తొమ్మిది. అప్పట్లో ఫైనల్లో పదిని మళ్లీ పది ముక్కలు చేసేవారు కాబట్టి, మధ్యలోకి జరిగిన ప్రతి పావు మిల్లీమీటరుకూ 0.1 కలిసేది. నట్టనడుమ పడితే 10.9. ఇదే నారంగ్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో 595 కొట్టి టైబ్రేక్‌లో ఫైనల్ చేజార్చుకున్నాడు. అదే ఏడాది బ్యాంకాక్‌లో ప్రపంచకప్ ఫైనల్‌లో అరవైకి అరవై పదులు, అంటే 600 కొట్టి, ఫైనల్‌తో కలిపి 703.5తో ప్రపంచ రికార్డు రాశాడు.

ఇంత సూక్ష్మమైన ఆటలో మనం షూటర్ ఊపిరినీ గుండె దడనూ ట్రిగ్గర్ మీది వేలినీ పొగుడుతాం. పొగడాల్సిందే. అయితే ఆ వేలు కదిలిన తరువాత పని మొత్తం ఒక చిన్న లోహపు ముక్కది. అది గొట్టంలో ఎక్కడ, ఎంత లోతున, ఎంత నిటారుగా కూర్చుని బయలుదేరిందన్నది షూటర్ కంటికి కనపడదు. ఆ కనపడని కూర్పును సరిచేయడానికి తరాల తరబడి కొందరు జీవితాలు వెచ్చించారు. వాళ్ల పనితనం గురించి తెలుగులో ఒకసారైనా నిదానంగా చెప్పుకోవాలన్నది నా కోరిక.

పెల్లెట్ దగ్గర మొదలుపెడదాం. అది సుమారు అర గ్రాము బరువున్న సీసం. తల చదునుగా ఉంటుంది, కాగితం మీద అంచులు చిరగకుండా గుండ్రటి చిల్లు పడటానికి. నడుము సన్నం. వెనక భాగం బోలు. పల్చని ఆ వెనక అంచును షూటర్లు స్కర్ట్ అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే వెనక నుంచి వచ్చే గాలి ఒత్తిడికి ఆ స్కర్ట్ విచ్చుకుని గొట్టానికి అతుక్కుంటుంది, గాలి పక్కల నుంచి జారిపోకుండా. మంచి పెల్లెట్ల డబ్బా మీద తల కొలత కూడా ముద్రిస్తారు: 4.49, 4.50, 4.51. మిల్లీమీటరులో నూరోవంతు తేడాకు ఒక్కో డబ్బా! ఒకే కంపెనీ తయారుచేసిన ఒకే రకం రైఫిళ్లు రెండుంటే, ఒకదానికి 4.49 నప్పవచ్చు, రెండోదానికి 4.50. కారణం చెప్పమంటే నిపుణులు కూడా ముందుగా గొట్టాన్నే అడగమంటారు.

పోటీ రైఫిల్లో పెల్లెట్‌ను చిన్న గాడిలో వేసి లివర్ మూస్తే, ఒక సన్నని లోహపు మొన దాన్ని ముందుకు నెట్టి ప్రతిసారీ గొట్టంలో ఒకే చోట నిలుపుతుంది. ఇంటి పెరట్లో వాడే, గొట్టాన్ని విరిచి గుండు పెట్టే గాలి తుపాకీలో ఆ పని బొటనవేలుది. వేలు ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా నొక్కుతుంది. గుండు ఒకసారి అర మిల్లీమీటరు లోపలికి పోతుంది, ఒకసారి అంచు దగ్గరే ఆగుతుంది, ఒకసారి స్కర్ట్ సొట్టపోతుంది. లోతు మారితే గుండు కదలడానికి కావలసిన ఒత్తిడి మారుతుంది, ఒత్తిడి మారితే వేగం మారుతుంది. అందుకే కొందరు వేలిని నమ్మక, పెల్లెట్‌ను ఎప్పుడూ ఒకే లోతుకు దించే చిన్న పనిముట్టు వాడతారు. ఈ విద్య మొత్తానికి బీజం అక్కడే ఉంది.

తుపాకీ చరిత్రలో ఈ శ్రద్ధ ఆలస్యంగా వచ్చింది. మన హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు తెచ్చిన కార్ఖానాను 1795లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టించాడు. ఆ కాలపు సైనికుల తుపాకులకు గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండును మూతి దగ్గర నుంచి కడ్డీతో లోపలికి దించాలి కాబట్టి, గొట్టం కన్నా గుండును కావాలనే చిన్నదిగా పోసేవారు. పేలగానే ఆ గుండు గోడలకు తగులుతూ, చివరిగా ఎటు తగిలితే దాన్నిబట్టి ఒక దిక్కుకు పోయేది. గొట్టం లోపల మెలితిరిగిన గాడులు, అంటే రైఫ్లింగ్ వచ్చాక, గుండు ఆ గాడులను కరుచుకుని గిరగిర తిరుగుతూ పోవాలి. కరుచుకోవాలంటే బిగువుగా సరిపోవాలి. కూర్పు ప్రశ్న అప్పుడే పుట్టింది.

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికాలో జర్మను సంతతి వాళ్లు నడిపిన షూట్జెన్ క్లబ్బుల్లో ఈ ప్రశ్నకు ఒక మొండి జవాబు దొరికింది. రెండు వందల గజాల దూరం, నిలబడి కాల్చాలి. వాళ్లలో చాలామంది బుల్లెట్‌ను ఖోకా (మందు పట్టే ఇత్తడి గుల్ల) మూతిలో బిగించేవారు కాదు. ముందుగా సీసపు బుల్లెట్‌ను ఒక లివర్ పనిముట్టుతో నేరుగా గాడుల్లోకి నొక్కి కూర్చోబెట్టి, ఆ వెనక మందు నింపిన ఖోకాను విడిగా పెట్టేవారు. హ్యారీ పోప్ అనే గొట్టాల పనివాడు ఇంకో అడుగు వేశాడు. అతని రైఫిళ్లలో బుల్లెట్‌ను మూతి వైపు నుంచే దించేవారు. మూతికి సరిగ్గా అమరే ఒక తొడుగును తాత్కాలికంగా బిగించి, అందులోంచి నెట్టడం వల్ల బుల్లెట్ అడుగు భాగం చెక్కుచెదరకుండా వెళ్లేది. పేలడానికి ముందే బుల్లెట్ గాడుల్లో స్థిరపడి ఉంటుంది. దూకడానికి ఖాళీ లేదు, ఒరగడానికి చోటు లేదు.

మసాచుసెట్స్‌లో డాక్టర్ ఫ్రాంక్లిన్ మాన్ అనే ఆయన ఇదే ప్రశ్నను ఇంకో దారిలో పట్టుకున్నాడు. మనిషి చేతిని లెక్కలోంచి తీసేయడానికి కాంక్రీటు దిమ్మె పోయించి, దాని మీద గొట్టాన్ని అమర్చి, కదలని ఆ దిమ్మెకు ముద్దుగా షూటింగ్ జిబ్రాల్టర్ అని పేరు పెట్టుకున్నాడు. బుల్లెట్ అడుగును కావాలని చెక్కి, పక్కను కావాలని గీరి, ఒక్కో లోపం గురిని ఎటు లాగుతుందో కాగితాల మీద పట్టాడు. ఆ కృషి అంతా 1909లో పుస్తకంగా వచ్చింది. తప్పును దాచకుండా, తానే తప్పు చేసి దాని దారి వెతికిన ఆ పద్ధతి అంటే నాకు చెప్పలేని గౌరవం.

ఇప్పటి పెద్ద రైఫిల్ రౌండులో నాలుగే భాగాలు: ఇత్తడి ఖోకా, అడుగున మందును అంటించే ప్రైమర్, లోపల మందు, మూతిలో బుల్లెట్. చేత్తో రౌండ్లు కట్టుకునేవాళ్లు, ఒకసారి పేలిన ఖోకాను శుభ్రం చేసి, డైలో నొక్కి ఆకారం సరిచేసి, కొత్త ప్రైమర్ పెట్టి, మందును తూచి పోసి, చివరిగా బుల్లెట్‌ను మూతిలోకి దించుతారు. ఆ చివరి పనే మనం చూడవలసింది. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడాన్ని 1959 ఆయుధ చట్టం ఒప్పుకోదు. అది ఎక్కువగా అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లోని గురిపోటీ ఆటగాళ్ల ఇళ్లలో బల్లల మీద సాగే పని. అయినా అందులోని కొలతల విద్య అర్థం కావడానికి మనకు ఉస్మానియా క్యాంపస్, దాని పక్కనున్న తార్నాక చాలు.

రౌండును రైఫిల్ చాంబర్లో పెట్టి బోల్టు మూశాక, బుల్లెట్ ముందు కొంత ఖాళీ మిగులుతుంది. చాంబర్ అయిపోయి గాడులు మొదలయ్యే ఆ చోటును త్రోట్ అంటారు. గాడుల మధ్య ఎత్తుగా ఉండే గట్లు ఒక్కసారిగా లేవవు, ఏటవాలుగా లేస్తాయి. ట్రిగ్గర్ నొక్కితే బుల్లెట్ ఖోకాను వదిలి, ఈ ఖాళీని దాటి, ఆ గట్ల వాలుకు తగిలి, కరుచుకుని ముందుకు పోతుంది. ఈ ఖాళీని షూటర్లు జంప్ అంటారు. మామూలు గురిపోటీ రౌండులో అది తరచు అర మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. ఖోకాలో బుల్లెట్‌ను లోతుగా దించితే జంప్ పెరుగుతుంది, పైకి ఉంచితే తగ్గుతుంది, ఇంకా పైకి ఉంచితే బోల్టు మూసేటప్పుడే బుల్లెట్ గట్లలో ఇరుక్కుంటుంది.

అర మిల్లీమీటరులో ఏముంది అనిపించవచ్చు. ఆ ఖాళీ దాటేటప్పుడు బుల్లెట్‌ను నిటారుగా పట్టుకునేది వెనక ఉన్న ఖోకా మెడ ఒక్కటే. అదీ వదిలేస్తున్న క్షణం. బుల్లెట్ ఏ మాత్రం ఒరిగి గట్లను తాకినా, ఆ ఒరుగుడుతోనే గాడుల్లో చెక్కుడు పడుతుంది. గొట్టం పొడవునా అలాగే తిరుగుతుంది. మూతి దాటాక, బరువు కేంద్రం నడి అక్షం మీద లేని ఆ బుల్లెట్ కొద్దిగా పక్కకు జారుతుంది. పైగా, గట్లను తాకే క్షణం మారితే ఒత్తిడి పెరిగే తీరు మారుతుంది. పేలుడుకు గొట్టం సన్నగా కంపిస్తుంది కాబట్టి, ఆ కంపంలో ఏ దశలో బుల్లెట్ మూతి దాటుతుందన్నది కూడా కొద్దిగా జరుగుతుంది. ఈ రెండు కారణాల్లో దేనిది ఎక్కువ వాటా అన్న దాని మీద షూటర్లు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే మొదటిదే బలంగా కనిపిస్తుంది, ఎందుకంటే దాన్ని కొలిచి చూపవచ్చు.

కొలత దగ్గరే అసలు చిక్కు. తార్నాక నుంచి ఉప్పల్ వైపు పోయే దారిలో ఐఐసీటీ అనే రసాయన పరిశోధన సంస్థ ఉంది. 1944లో హైదరాబాదు సంస్థానం పెట్టిన పరిశోధనశాల, 1956లో సీఎస్‌ఐఆర్ కిందికి వచ్చి ప్రాంతీయ పరిశోధనశాల అయింది, 1989లో ఇప్పటి పేరు. పాతకాపులు దాన్ని ఆర్ఆర్ఎల్ అనే అంటారు. రసాయన శాస్త్రవేత్తలు పనిచేసే ఏ చోటైనా గాజు ఫ్లాస్కు మెడలో కండెన్సర్ మొన అమరే గరుకు జాయింట్లు చూస్తాం. బీ-24 అని పిలిచే రకంలో వెడల్పు కొస 24 మిల్లీమీటర్లు, వాలు పదికి ఒకటి. అంటే ప్రతి పది మిల్లీమీటర్ల పొడవుకూ వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. ఇందులో ఒక గమ్మత్తు ఉంది. మొన వ్యాసంలో 0.1 మిల్లీమీటరు తేడా వస్తే, అది కూర్చునే లోతులో తేడా ఏకంగా ఒక మిల్లీమీటరు. వాలు ఎంత తక్కువైతే, అడ్డం కొలతలోని చిన్న తప్పు నిలువు కొలతలో అంత పెద్దదై బయటపడుతుంది.

రైఫిల్ త్రోట్‌లోని వాలు దీనికంటే నెమ్మది. చాలా చాంబర్లలో అది అక్షానికి ఒకటిన్నర డిగ్రీ ప్రాంతంలో ఉంటుంది. బుల్లెట్ వ్యాసార్థం ఒక చోట 0.01 మిల్లీమీటరు ఎక్కువైతే, అది గట్లను తాకే చోటు పొడవులో దాదాపు 0.4 మిల్లీమీటరు వెనక్కు జరుగుతుంది. మనం మాట్లాడుకున్న అర మిల్లీమీటరు జంప్‌లో అది ముప్పాతిక కంటే ఎక్కువ! ఒకే పెట్టెలోని రెండు బుల్లెట్లు కంటికి కవలల్లా ఉన్నా, ముక్కు వంపులో ఇంత చిన్న తేడా ఉంటే ఒకటి గట్లకు ఆనుకుని కూర్చుంటుంది, ఇంకొకటి దూరంగా నిలుస్తుంది. గాజు జాయింటు చేసేవాళ్లకూ బుల్లెట్ అచ్చు కోసేవాళ్లకూ ఎదురయ్యే లెక్క ఒకటే.

అందుకే ఈ పనిలో కొత్తవాళ్లు చేసే మొదటి పొరపాటు, రౌండు మొత్తం పొడవును మొన నుంచి అడుగు దాకా కాలిపర్‌తో కొలవడం. బోలుమొన గురిపోటీ బుల్లెట్ల ముక్కు చివర రాగి తొడుగు ముడుచుకుని గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. మొన గాడులను తాకేది కాదు. తాకేది, ముక్కు వంపు మీద గొట్టం వ్యాసానికి సమానమైన వలయం. కాబట్టి కాలిపర్‌కు ఒక చిన్న బిళ్ల బిగిస్తారు, దాని మధ్య సరిగ్గా ఆ వ్యాసంలో రంధ్రం ఉంటుంది. బుల్లెట్ ఆ రంధ్రంలో ఆగిన చోటు నుంచి ఖోకా అడుగు వరకు కొలుస్తారు. ఈ కొలత పది రౌండ్లకు తీస్తే దాదాపు ఒకటే వస్తుంది. మొన నుంచి తీస్తే ఒక్కో రౌండుకు ఒక్కోలా వస్తుంది. ఏ చోటు పనిచేస్తుందో ఆ చోటునే కొలవాలన్న వివేకం ఎంత అందమైనది!

బుల్లెట్‌ను దించే డై కూడా ఇదే వివేకంతో చేస్తారు. లోపల ఉండే కడ్డీ బుల్లెట్ మొనను తాకకూడదు, పక్క వంపును పట్టి నొక్కాలి. కడ్డీ అంచు ఎక్కడ పట్టుకుంటుందో, గట్లు తాకే వలయం దానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. పైన మైక్రోమీటరు తల ఉంటుంది, ఒక గీత తిప్పితే అంగుళంలో వెయ్యోవంతు, అంటే సుమారు 0.025 మిల్లీమీటరు కిందికి. మన తల వెంట్రుక సాధారణంగా దాని కంటే లావే. శ్రద్ధ ఎక్కువున్నవాళ్లు మర మీద స్క్రూతో బిగించే డైలు మానేసి, ఖోకా మొత్తాన్ని నిలువునా పట్టుకునే స్టీలు గొట్టం లాంటి చేతి డైని వాడతారు. దాని మీద చిన్న ఆర్బర్ ప్రెస్సు. లివర్ కింద బుల్లెట్ ఖోకా మెడలోకి దిగుతుంటే ఆ బిగువు అరచేతికి తెలుస్తుంది.

ఆ బిగువే నాకు ఈ విద్యలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఇత్తడి మెడ బుల్లెట్ కంటే కొద్దిగా చిన్నదిగా ఉంటుంది కాబట్టి దాన్ని పట్టి ఉంచుతుంది. పేలిన ప్రతిసారీ, డైలో నొక్కిన ప్రతిసారీ ఇత్తడి కొంచెం గట్టిపడుతుంది. గట్టిపడిన మెడ నొక్కాక వెనక్కు స్ప్రింగులా లేస్తుంది. అప్పుడు ఒక ఖోకా బుల్లెట్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఇంకొకటి వదులుగా. ఖోకా మెడను తగుమాత్రం వేడిచేసి మళ్లీ మెత్తబరచడం దీనికి మందు. అనుభవం ఉన్న చెయ్యి యాభై రౌండ్లు వరుసగా నొక్కుతూ, ఒకటి మాత్రం మెత్తగా జారినట్టు అనిపిస్తే దాన్ని పక్కన పెడుతుంది. లోతు కొలత సరిగ్గానే ఉంటుంది. అయినా ఆ రౌండును లెక్కకు రాని గుళ్లలో, గొట్టం వేడెక్కడానికి కాల్చే వాటిలో కలిపేస్తారు. ఏ పరికరం కంటే ముందే తేడాను పట్టుకున్నది చర్మం.

నిటారుగా కూర్చుందో లేదో చూడటానికి, ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ చదివినవాళ్లందరూ ఎరిగిన పరికరం చాలు. 1929లో మొదలైన ఆ కళాశాల మొదలు ప్రతి ఇంజనీరింగ్ కాలేజీ మెట్రాలజీ ల్యాబులోనూ వీ-బ్లాకుల మీద షాఫ్టును పెట్టి తిప్పుతూ, పైన డయల్ గేజి ముల్లు ఎంత ఊగుతుందో రాసుకుంటారు. రౌండునూ అంతే. ఖోకా ఒళ్లు రెండు చోట్ల ఆన్చి, బుల్లెట్ ముక్కు మీద గేజి మొన పెట్టి, వేలితో నెమ్మదిగా తిప్పడం. ముల్లు 0.05 మిల్లీమీటరు లోపు ఊగితే బాగున్నట్టు. అంతకంటే చాలా ఎక్కువ ఊగితే బుల్లెట్ మెడలో వంకరగా కూర్చుందని అర్థం. లోతు ఎంత సరిగ్గా ఉన్నా వంకరను సరిదిద్దలేదు. ఇంజనీరింగ్ విద్యార్థులు రెండో ఏడాది రికార్డు కోసం విసుక్కుంటూ చేసే ఆ ప్రయోగానికి ఇంత సొగసైన వినియోగం ఉందని ఎవరైనా చెబితే, ఆ గంట ఎంత ఉత్సాహంగా గడిచేదో.

మరి ఏ లోతు సరైనది? ఒక్క అంకె చెప్పగలిగినవాళ్లు లేరు. ముక్కు వంపు ఒళ్లులోకి నున్నగా కలిసిపోయే రకం బుల్లెట్లు జంప్ కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి, గట్లలోకి తమంతట తాము నిటారుగా జారతాయి. గాలిని బాగా కోయడానికి ముక్కు పొడవుగా, వంపు ఒళ్లును ఒక కోణంలో కలిసేలా చేసిన బుల్లెట్లు మాత్రం పట్టుదల మనుషులు. వాటికి నచ్చిన లోతు దొరికితే ఒకే చిల్లులో గుంపు కడతాయి, దొరక్కపోతే చెదిరిపోతాయి. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే బెంచిరెస్టు పోటీదారుల్లో చాలామంది బుల్లెట్‌ను గట్లకు ఆనించో కొద్దిగా ఇరికించో వాడతారు. రైఫిళ్ల తయారీదారు రాయ్ వెదర్‌బీ తన శక్తివంతమైన వేటరైఫిళ్లకు దీనికి పూర్తి ఎదురుగా చాంబర్ ముందు పొడవైన ఖాళీ ఉంచాడు, ఒత్తిడి మెల్లగా పెరగడానికి. ఎవరి అవసరం వాళ్లది.

ఇక్కడ ప్రాణభయం కూడా ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. బుల్లెట్‌ను గట్లలో ఇరికిస్తే కదలడానికి ముందే ఒత్తిడి త్వరగా ఎగబాకుతుంది. మరీ లోతుగా దించితే ఖోకాలో మందుకు చోటు తగ్గుతుంది, చిన్న ఖోకాల్లో అదీ ఒత్తిడిని ప్రమాదకరంగా పెంచుతుంది. గట్లలో ఇరికిన రౌండును కాల్చకుండా బయటకు లాగితే బుల్లెట్ గొట్టంలోనే ఉండిపోయి, మందు రైఫిల్ లోపల ఒలికిపోవచ్చు. అందుకే లోతు మార్చిన ప్రతిసారీ మందును వెనక్కు తగ్గించి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు, జాగ్రత్తపరులు. గొట్టం కూడా స్థిరంగా ఉండదు. వేడి వాయువులు త్రోట్‌ను తినేస్తూ పోతే, గట్లు మొదలయ్యే చోటు ముందుకు జరుగుతుంది. వందల గుళ్ల తరువాత నిన్నటి కొలత ఇవాళ్టికి పనికిరాదు. గట్ల వెంట పరిగెత్తడం అని దీన్ని పోటీదారులు వాపోతుంటారు.

ఈ వెతుకులాటలో పెద్ద మోసం, మూడు గుళ్ల గ్రూపు. ఒక లోతులో మూడు కాల్చి, మూడూ ఒకే చిల్లులో పడితే మనసు పొంగిపోతుంది. మరుసటి రోజు అదే లోతులో మూడు చెదిరిపోతాయి. ఏ మార్పూ లేకుండానే చిన్న గ్రూపులు యాదృచ్ఛికంగా అంత తేడాగా వస్తాయి. హైదరాబాదు విశ్వవిద్యాలయం ఆవరణలో సి.ఆర్.రావు పేరుతో ఒక సంస్థ ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివిన ఆ గణాంక శాస్త్రవేత్త 1945లో ప్రచురించిన ఫలితం, పక్షపాతం లేని అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు గీసింది. పరిశీలనలు ఎన్ని ఉన్నాయో ఆ హద్దు వాటి మీద ఆధారపడుతుంది. అనిశ్చితి సగం కావాలంటే గుళ్లు నాలుగు రెట్లు కాల్చాలి. ఈ లెక్క తెలిసిన షూటర్ తన కళ్లను తానే నమ్మడు. ఇరవై గుళ్లు, ముప్పై గుళ్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఎండల్లో. రౌండ్లు కట్టడంలో చూపిన ఓపికంతా ఇక్కడ కూడా చూపగలిగినవాళ్లే నా దృష్టిలో అసలైన పనివాళ్లు. అలాంటివాళ్లు తక్కువ.

ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాకకు ఎదురుకొసన ఎన్‌సీసీ గేటు ఉంది. ఎన్‌సీసీ క్యాడెట్లు మొదటిసారి పట్టుకునే రైఫిల్ పాయింట్ టూటూ. బోర్లా పడుకుని ఐదు గుళ్లు కాలిస్తే, బోధకుడు ముందు చూసేది మధ్యలో పడ్డాయా అని కాదు, దగ్గరదగ్గరగా పడ్డాయా అని. గ్రూపింగ్ ముందు, గురి సవరణ తరువాత. పద్దెనిమిదేళ్ల వయసులో చెవికి ఎక్కే ఈ క్రమంలోనే పైన చెప్పుకున్న విద్యకంతటికీ పునాది ఉంది: ముందు అన్నీ ఒకే తీరుగా ఉండాలి, ఆ తరువాతే వాటిని కావలసిన చోటికి జరపగలం.

ఆ చిన్న రౌండులో ప్రైమింగ్ మందు ఖోకా అడుగు అంచులోనే ఉంటుంది. పేలాక ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి మళ్లీ నింపుకోవడానికి వీలులేదు. యాభై మీటర్ల పోటీలో పది వలయం 10.4 మిల్లీమీటర్లు. అక్కడ ఎంతటి ఒలింపియన్ అయినా ఫ్యాక్టరీ కట్టిన రౌండే వాడాలి, లోతు ఫ్యాక్టరీ నిర్ణయించినదే. షూటర్ చేతిలో ఇక మిగిలేవి రెండు. ఒకటి చాంబర్. పోటీ రైఫిళ్ల చాంబర్‌ను ఎంత పొట్టిగా కోస్తారంటే, బోల్టు మూసేటప్పుడే మైనం పూసిన మెత్తని సీసపు బుల్లెట్ గట్లలోకి కొంత దిగి చెక్కుడు పడుతుంది. షూట్జెన్ ముసలివాళ్లు లివర్‌తో చేసిన పనిని ఇప్పుడు బోల్టు చేస్తోంది. కాల్చని రౌండును బయటకు తీసి చూస్తే బుల్లెట్ చుట్టూ ఆ గట్ల ముద్రలు వరుసగా, సమంగా కనిపించాలి. ఒక పక్కే లోతుగా ఉంటే చాంబర్ పనివాడి చెయ్యి ఒరిగిందన్నమాట.

రెండోది లాట్. ఒకే యంత్రం మీద, ఒకే మందుతో, ఒకే దఫాలో కట్టిన రౌండ్లన్నిటికీ పెట్టె మీద ఒకే లాట్ నంబరు వేస్తారు. ఇంగ్లండులోని ఈలీ, ఫిన్లాండు పేరుతో జర్మనీలో పాయింట్ టూటూ రౌండ్లు చేసే లాపువా, తమ టెస్టు రేంజిల్లో షూటర్ రైఫిల్‌నే బిగించి, లాట్ తరువాత లాట్ పది పది గుళ్లు యాభై మీటర్లకు కాల్చి చూపిస్తాయి. అన్నీ అత్యుత్తమ శ్రేణివే, ధరా ఒకటే. అయినా ఒక గొట్టానికి ఒక లాట్ బిగుతైన గుండ్రటి గ్రూపు ఇస్తుంది, మరొకటి నిలువుగా సాగదీస్తుంది. నప్పిన లాట్ దొరికితే స్తోమత ఉన్నవాళ్లు ఆ నంబరు పెట్టెలు వేలల్లో కొని దాచుకుంటారు. ఎయిర్ రైఫిల్ వాళ్లదీ ఇదే దారి: గొట్టాన్ని పట్టులో బిగించి, పెల్లెట్ల డబ్బాలు ఒక్కొక్కటీ విప్పి, తల కొలతలు మార్చి మార్చి కాల్చి, నచ్చిన బ్యాచి నంబరు రాసుకోవడం. అది అయిపోతే మళ్లీ మొదలు. గొట్టం మార్చితే మళ్లీ మొదలు.